భాష రాని దేశంలో సినిమా తీయొచ్చా? (కియరోస్తమీ మీద మొదలైన పంచాయితీ)

ఓరుగల్లు_రీలు | శనివారం, రాత్రి 11:20

అందరికీ నమస్తే. చిన్న పంచాయితీ ఉంది, పెద్దమనుషులు తీర్చాలె.

మాది హన్మకొండ. నాలుగేండ్ల సంది జర్మనీల, లైప్‌జిగ్‌ల ఉంటున్న. కొలువు సాఫ్ట్‌వేర్, పిచ్చి సినిమా. ఇక్కడికి రాకముందు రెండు షార్ట్ ఫిలింలు తీసిన. అందుల ఒకదాన్ని యూట్యూబ్‌ల మా అమ్మతో కలిపి పన్నెండు వందల మంది చూసిండ్రు. ఇప్పుడు మా బిల్డింగ్‌ల కింది ఫ్లోర్ ముసలామె మీద అరగంట సినిమా రాసిన. రోజూ సాయంత్రం నాలుగు కొట్టంగనే కిటికీ కాడ కుర్చీ ఏసుకొని కూసుంటది, చీకటి పడేదాక లేవదు. కొడుకు కోసం ఎదురుచూసే తల్లి, అదీ కథ. చిక్కేందంటే, నా జర్మన్ కూరగాయల దుకాణం దాటి పోదు.

దోస్తులందరిదీ ఒకటే మాట: "రాని భాషల ఏం తీస్తవ్ రా, మన ఊరి కథ ఏదన్న చూసుకో."

గందుకే ఇరాన్ డైరెక్టర్ కియరోస్తమీ సినిమాలు మళ్ల మొదటి నుంచి చూస్తున్న. 1979 విప్లవం తర్వాత చాలామంది ఇరాన్ విడిచిపోయినా ఆయన పోలేదు. ఎందుకు పోలేదంటే, చెట్టును పీకి ఇంకో నేలల నాటితే కాయదు, కాసినా ఆ రుచి రాదు అన్నట్టు చెప్పిండు. మంచిగుంది. మరి అదే మనిషి డెబ్బై ఏండ్ల వయసుల ఇటలీ పోయి సినిమా తీసిండు. ఆ తర్వాత జపాన్. వీటన్నిటికంటే ముందే ఉగాండా. మాట తప్పిండా, లేకుంటే చెట్టు ముచ్చట మనకే సమజ్ గాలేదా?

---

మూడోవరుస | ఆదివారం, ఉదయం 6:50

తమ్ముడూ, ముందు ఆ చెట్టు ఎక్కడ మొలిచిందో చూడు. అది తెలియకుండా పీకిన సంగతి మాట్లాడుకుంటే లాభం లేదు.

అబ్బాస్ కియరోస్తమీ 1940లో టెహ్రాన్‌లో పుట్టాడు. చదివింది చిత్రలేఖనం. చదువుకుంటూనే పొట్టకూటికి ట్రాఫిక్ పోలీసు శాఖలో పనిచేశాడు. తర్వాత పుస్తకాలకు బొమ్మలు, టీవీ ప్రకటనలు, వేరేవాళ్ల సినిమాలకు టైటిల్ కార్డులు. మన దగ్గర సైన్‌బోర్డులు రాసే ఆర్టిస్టులు సినిమా పబ్లిసిటీలోకి వచ్చినట్టే అనుకో.

టెహ్రాన్‌లో 'కానూన్' అని ఒక సంస్థ ఉండేది. పిల్లలకోసం గ్రంథాలయాలు, పుస్తకాలు, బొమ్మలు చూసే ప్రభుత్వ సంస్థ, 1965లో పెట్టారు. అందులో సినిమా విభాగం మొదలుపెట్టిన వాళ్లలో ఈయనొకడు. 1970లో తొలి సినిమా 'రొట్టె, సందు'. నిడివి పది నిమిషాల పైచిలుకు. ఓ బుడ్డోడు రొట్టె పట్టుకుని ఇంటికెళ్తుంటాడు, సందులో కుక్క అడ్డం. అంతే కథ. కుక్కా పిల్లాడూ ఒకే షాట్‌లో రావాలని ఈయన, ముక్కలుగా తీసి అతికిద్దామని కెమెరామన్. మొదటి సినిమా తీస్తున్నవాడు ఎవరి మాట వినాలి? ఈయన వినలేదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆ కానూన్‌లోనే. రాజు పోయాడు, విప్లవం వచ్చింది, ఇరాక్‌తో ఎనిమిదేళ్ల యుద్ధం జరిగింది, ఈయన మాత్రం హోంవర్కు గురించి, పళ్లనొప్పి గురించి పిల్లల సినిమాలు తీస్తూ కూర్చున్నాడు. 'ఫ్రెండ్ ఇల్లెక్కడ' 1987లో వచ్చింది. దానికి స్విట్జర్లాండ్‌లోని లొకార్నో చిత్రోత్సవంలో బహుమతి వచ్చేదాకా బయట ప్రపంచానికి ఈయన పెద్దగా తెలియదు. అప్పటికి నలభై తొమ్మిదేళ్లు. ఇప్పటి కుర్రాళ్లు ఇరవై ఆరుకే 'నా కెరీర్ అయిపోయింది బాబాయ్' అంటుంటే నవ్వొస్తుంది.

---

ఉస్మానియా_బిస్కట్ | ఆదివారం, ఉదయం 9:05

ఆ సినిమాకు ఫార్సీల ఉన్న అసలు పేరు చూసిండ్రా? 'ఖానె-యె దూస్త్ కొజాస్త్'. ఖానా అంటే మన దవాఖానల ఖానా. దూస్త్ అంటే దోస్తు. పాతబస్తీల పుట్టినోనికి సబ్‌టైటిల్ సగమే కావాలె భయ్. నేను ఇరానీ హోటల్ల పౌనా చాయ్ తాగుకుంట చూసిన, దర్వాజ, పరేషాన్, జల్ది అన్నీ ఇనబడ్డట్టే అనిపిస్తయి.

చెట్టు సంగతి నాకు తెల్వదు గని, మాటలు మాత్రం ఎక్కడ పడితే అక్కడ మొలుస్తయి.

---

బత్తా_బాకీ | ఆదివారం, ఉదయం 11:40

హైదరాబాద్‌లో లైన్ ప్రొడ్యూసర్‌ని, పద్నాలుగేళ్లు. కళ గురించి పెద్దలు మాట్లాడతారు, నేను లెక్కలు మాట్లాడతాను.

కియరోస్తమీని 'స్వతంత్ర దర్శకుడు' అంటుంటారు. ఎవరి నుంచి స్వతంత్రం? మొదటి ఇరవై ఏళ్లు ప్రభుత్వ సంస్థ డబ్బు. 1999 నాటి 'ద విండ్ విల్ క్యారీ అస్' నుంచి ఫ్రాన్స్ వాళ్లు, మారిన్ కార్మిట్జ్ నడిపిన ఎమ్‌కే2 సంస్థ. చివరి రెండు కథాచిత్రాలకూ వాళ్లే. జపాన్ సినిమాకైతే అక్కడి భాగస్వామి కూడా కలిశాడు. జేబులో డబ్బు పెట్టి తీసినవాడు కాదు. నా లెక్కలో స్వతంత్రం అంటే ఒకటే: యూనిట్‌ని ఎంత చిన్నది చేస్తే అంతమందికి తక్కువ జవాబు చెప్పాలి. ఈయన ఆ విద్యలో దిట్ట.

'టేస్ట్ ఆఫ్ చెర్రీ' చూడండి. సినిమాలో ముప్పాతిక భాగం కారు. డ్రైవరు మాట్లాడేటప్పుడు పక్క సీట్లో కూర్చున్నది ఎవరు? కియరోస్తమీ. పక్క సీటు మనిషి మాట్లాడేటప్పుడు డ్రైవరు సీట్లో? మళ్లీ కియరోస్తమీ. నటులు ఒకరికొకరు ఎదురుపడకుండానే షూటింగ్ అయిపోయింది. కాల్షీట్లు కలపాల్సిన పనే లేదు! హీరో హొమాయున్ ఎర్షాదీ అసలు ఆర్కిటెక్టు, ట్రాఫిక్‌లో కారులో కూర్చుని ఉంటే ఈయన వెళ్లి అద్దం తట్టి అడిగాడు. ఆ సినిమాకే 1997లో కాన్ చిత్రోత్సవంలో అన్నిటికంటే పెద్ద బహుమతి పామ్ డోర్ వచ్చింది, జపాన్ దర్శకుడు ఇమామురాతో కలిపి. ఇరాన్‌కు అదే మొదటిది. 2002లో 'టెన్' కొచ్చేసరికి కెమెరామన్ కూడా కారు దిగిపోయాడు. డాష్‌బోర్డు మీద రెండు చిన్న డిజిటల్ కెమెరాలు, అంతే.

ఇప్పుడు నా గోడు. ఆరేళ్ల కింద ఒక సినిమాకు యూరప్‌లో రెండు పాటలు, కొంత టాకీ (మాటల సీన్లు). అరవై రెండు మందిమి వెళ్లాం. కెమెరా సామాను కస్టమ్స్ కాగితాల్లో ఒక లెన్సు నంబరు తప్పు పడింది, ఒకటిన్నర రోజు ఎయిర్‌పోర్టులో పడుకున్నాం. వంట మాస్టర్ని కూడా వెంట తీసుకెళ్లాం (పప్పులేనిదే హీరోగారికి మూడ్ రాదట). ఆ ఒకటిన్నర రోజు బత్తా నాకు ఇంకా రాలేదు. అందుకే ఈ పేరు.

కియరోస్తమీ వంట మాస్టర్ని తీసుకెళ్లలేదు. అసలు ఎవర్నీ పెద్దగా తీసుకెళ్లలేదు. ఇటలీ వెళ్తే ఇటలీ కెమెరామన్ లూకా బిగాజ్జి. జపాన్ వెళ్తే అక్కడి కట్సుమి యానాగిజిమా, జపాన్ దర్శకుడు తకేషి కితానో సినిమాలకు కెమెరా పట్టిన మనిషి. ఇందులో ఆదర్శం కంటే అవసరం ఎక్కువ. రెండు దేశాల డబ్బు కలిపి తీసే సినిమాకు, ఏ దేశం డబ్బు పెడితే ఆ దేశంలో ఇంత ఖర్చు చేయాలి, ఆ దేశం మనుషులకు ఇంత పని ఇవ్వాలి అని షరతులుంటాయి. చాలామంది దర్శకులు దాన్ని శిక్షలా మోస్తారు. ఈయన సౌకర్యంగా మార్చుకున్నాడు.

---

పిఠాపురం_పిల్ల | ఆదివారం, మధ్యాహ్నం 2:15

బత్తా గారూ, మీ లెక్కలు బావున్నాయండి. కానీ ఇందాకట్నుంచి ఒకటి మింగుడు పడట్లేదు. యూనిట్ చిన్నదైతే జవాబు చెప్పక్కర్లేదు అన్నారు కదా. జవాబు అడిగేవాళ్లు లేనప్పుడు ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి.

'ఫ్రెండ్ ఇల్లెక్కడ'లో మొదట్లో హోంవర్కు పుస్తకంలో కాకుండా విడి కాగితం మీద రాశాడని మాస్టారు తిడితే ఒక పిల్లాడు వెక్కి వెక్కి ఏడుస్తాడు. చూసిన ప్రతిసారీ కళ్లు తడుస్తాయి. ఆ ఏడుపు ఎలా వచ్చిందో తెలుసా? ఆ పిల్లాడికి అంతకుముందే పోలరాయిడ్ ఫొటో ఒకటి తీసి ఇచ్చారు. వాడు దాన్ని ప్రాణంలా దాచుకున్నాడు. షాట్ టైముకి కియరోస్తమీ దాన్ని చింపేశాడు. ఈ సంగతి ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్నండి. ఎనిమిదేళ్ల పిల్లాడి ఫొటో చింపడం నా దృష్టిలో చిన్న విషయం కాదు. సొంత భాష, సొంత ఊళ్లవాళ్లు ఉన్నచోటే ఇలా ఉంటే, భాష తెలియని జపాన్‌లో కథ చెప్పకుండా, స్క్రిప్టు పూర్తిగా ఇవ్వకుండా నటుల్ని నడిపించాడట, అదేమిటి? మనమైతే దాన్ని 'మేధావి పద్ధతి' అంటాం. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఏమంటారో?

---

మూడోవరుస | ఆదివారం, మధ్యాహ్నం 3:30

అమ్మాయ్, నువ్వన్నది నిజం. ఏళ్ల తరబడి ఆ సీనుని పొగుడుతున్నవాణ్ణి, దానికి నా దగ్గర సమాధానం లేదు.

ఒక్కటి కలుపుతాను, దీన్ని సమర్థన అనుకోకు. 1990 జూన్‌లో ఉత్తర ఇరాన్‌లో పెద్ద భూకంపం వచ్చింది. వేల మంది పోయారు. ఆ సినిమా తీసిన కోకర్ ఊరు కూడా దెబ్బతింది. కియరోస్తమీ కొడుకుని కారెక్కించుకుని ఆ పిల్లలు బతికున్నారో లేదో చూడ్డానికి వెళ్లాడు. ఆ ప్రయాణాన్నే 'అండ్ లైఫ్ గోస్ ఆన్' అని తీశాడు. ఆ సినిమాలో జరిగిన ఒక చిన్న సన్నివేశం చుట్టూ మూడోది, 'త్రూ ది ఆలివ్ ట్రీస్'. ఒకే ఊరు, ఒకే కొండ, ఒకే వంకర బాట. ఆ బాట కూడా సినిమా కోసం వేయించిందే, ముందు నుంచి ఉన్నది కాదు. మనమంతా 'ఎంత సహజంగా ఉంది' అని మురిసిపోయే బాట!

---

సామర్లకోట_టు_కంపాలా | ఆదివారం, సాయంత్రం 5:10

ఎవరూ ఉగాండా ఊసెత్తరేంటా అని చూస్తున్నా. పేరుకి సామర్లకోటేగానీ పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నా.

ఐక్యరాజ్యసమితి వ్యవసాయాభివృద్ధి నిధి వాళ్లు పిలిచి, ఎయిడ్స్‌తో తల్లిదండ్రులు పోయిన పిల్లలని ఇక్కడి ఆడవాళ్ల సంఘాలు ఎలా పెంచుతున్నాయో సినిమా తీయమన్నారు. 2000లో చిన్న డిజిటల్ కెమెరాలు పట్టుకుని వచ్చాడు. అది రెక్కీ అండి. లొకేషన్లు చూసుకుని, తర్వాత పెద్ద కెమెరాతో వద్దామని. తిరిగి వెళ్లి ఆ టేపులు చూసుకుని, ఇక మళ్లీ తీయక్కర్లేదు, సినిమా ఇదే అనుకున్నాడు. అదే 'ఏబీసీ ఆఫ్రికా', 2001.

అందులో ఒక చోటుంది. రాత్రి హోటల్లో కరెంటు పోతుంది. కెమెరా ఆగదు. తెర మొత్తం నల్లగా. వీళ్లు గదులకి వెళ్లాలని తడుముకుంటూ మెట్లెక్కుతుంటారు, అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు, పారశీకంలో గుసగుసలు. ఇక్కడి జనం సగం జీవితం ఇలా చీకట్లోనే కదా గడుపుతారు అని ఒకరితో ఒకరు అనుకుంటారు. అయిదు నిమిషాలకి పైనే నడుస్తుందా చీకటి. అప్పుడు బయట మెరుపు మెరిస్తే ఒక్కసారి చెట్లు కనపడి పోతాయి.

నేనది మా గదిలో ల్యాప్‌టాప్‌లో చూస్తూ, తెర పాడైందనుకుని రెండుసార్లు వైరు పీకి పెట్టా. మూడోసారికి అర్థమైంది. భాష రాదు, ఊరు తెలీదు, నాలుగు రోజులు ఉండి పోయే మనిషి. తనకి తెలిసింది ఎంతో అంతే చూపించాడు. తెలియని చోట చీకటి వదిలేశాడు.

అదే సినిమాలో పగటి భాగాలు, పిల్లలు కెమెరా చుట్టూ గంతులేసి నవ్వేవి, నాకంత నచ్చవు. అవి టూరిస్టులు తీసుకునే వీడియోల్లాగే ఉంటాయి. ఇక్కడికి వచ్చే ప్రతివాడి ఫోన్లోనూ అవే.

---

ఓరుగల్లు_రీలు | ఆదివారం, సాయంత్రం 6:00

అన్నా, ఆ చీకటి సీన్ నేను ఫాస్ట్ ఫార్వర్డ్ చేసిన. 🙏 తప్పయింది. మళ్ల చూస్త.

---

చిలుకూరు_ప్రదక్షిణ | ఆదివారం, రాత్రి 8:25

దేశాలు తిరిగే దర్శకుడికి కథ కంటే ముందు కావాల్సింది వీసా. 2002లో 'టెన్' న్యూయార్క్ చిత్రోత్సవంలో వేస్తుంటే కియరోస్తమీకి అమెరికా వీసా దొరకలేదు. అప్పటికి పామ్ డోర్ గెలిచి అయిదేళ్లు. అది చూసి ఫిన్లాండ్ దర్శకుడు ఆకి కౌరిస్మాకి నేనూ రానని ఆగిపోయాడు.

పామ్ డోర్ ఉన్నవాడికే అలా అయితే, స్లాటు కోసం అర్ధరాత్రి లేచి పేజీ రిఫ్రెష్ కొట్టే మనమెంత? ఆయనకి చిలుకూరు బాలాజీ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.

---

ఎడిటింగ్_గది | ఆదివారం, రాత్రి 9:50

నవ్వొచ్చినా అసలు పాయింటు అదే. ఈయన ప్రపంచమంతా తిరిగాడు గానీ ఇల్లు టెహ్రాన్. ఇంటి దగ్గరే ఇబ్బంది. ఇటలీలో తీసిన 'సర్టిఫైడ్ కాపీ'ని ఇరాన్‌లో ఆపేశారు, హీరోయిన్ జూలియెట్ బినోష్ బట్టల మీద అభ్యంతరం. అదే ఏడాది, 2010లో, ఒకప్పుడు ఈయన దగ్గర సహాయకుడిగా చేసిన ఇరాన్ దర్శకుడు జాఫర్ పనాహీ జైల్లో ఉన్నాడు. కాన్‌లో కియరోస్తమీ ఆ సంగతి మాట్లాడాడు, బినోష్ ఉత్తమ నటి బహుమతి అందుకుంటూ పనాహీ పేరున్న కాగితం పట్టుకుని నిలబడింది. ఆ పనాహీకే 2025లో పామ్ డోర్ వచ్చింది, ఇరాన్‌కు రెండోది. పనాహీ 'వైట్ బెలూన్' స్క్రీన్‌ప్లే రాసిచ్చింది కియరోస్తమీయే.

ఇక ఇటలీ సినిమా మీద నా మాట. ఇందులో చెట్టు పీకారని నాకనిపించదు. కథ చాలామటుకు ఒక్క రోజులోనే. ఒక ఫ్రెంచి ఆవిడ, ఒక ఇంగ్లీషు రచయిత, టస్కనీలో లుచిన్యానో అనే చిన్న ఊరు. కాఫీ కొట్టు ముసలావిడ వీళ్లను మొగుడూపెళ్లాలు అనుకుంటుంది. ఆవిడ తప్పు దిద్దరు. అక్కణ్నుంచి నిజంగానే పదిహేనేళ్ల కాపురం ఉన్నట్టు దెబ్బలాడుకుంటారు. ఫ్రెంచి, ఇంగ్లీషు, ఇటాలియన్ మూడూ నలుగుతుంటాయి. వాళ్లలో ఎవరు ఎప్పుడు ఏ భాషలోకి దూకారో చూస్తే చాలు, ఎవరు అలిగారో తెలిసిపోతుంది. మా ఇంట్లో అత్తగారు కోపమొస్తే తమిళంలోకి వెళ్లిపోయినట్టు.

1990లో తీసిన 'క్లోజప్'లో ఏముంది? సబ్జియాన్ అనే పేదవాడు నేనే దర్శకుడు మఖ్మల్‌బాఫ్‌నని ఒక కుటుంబాన్ని నమ్మించాడు. కేసయింది. కియరోస్తమీ కోర్టులోకి కెమెరా తీసుకెళ్లాడు, తర్వాత అదే కుటుంబంతో, అదే మనిషితో జరిగిందంతా మళ్లీ నటింపజేశాడు. అసలేది, నకలేది అన్న తగువు టెహ్రాన్‌లో మొదలైంది. ఇరవై ఏళ్ల తర్వాత టస్కనీలో అదే తగువు. మారింది భోజనమే.

---

మూడోవరుస | ఆదివారం, రాత్రి 10:30

మారింది భోజనమేనా? నేనొప్పుకోను.

'క్లోజప్'లో ఆ పేదవాడు పట్టుబడ్డాక చెప్పే ప్రతి మాటకీ వెనక ఆకలి ఉంది. ఆ ఇంట్లో వాళ్లు నన్ను గౌరవంగా చూశారు, అందుకే మళ్లీ మళ్లీ వెళ్లాను అంటాడు. 'సర్టిఫైడ్ కాపీ'లో ఆకలి ఎక్కడుంది? ఇద్దరు తీరికైన మనుషులు, మంచి వెలుతురు, చర్చి గంటలు. బాగుంది, కాదన్ను. ఒక మంచి కార్పెంటరు పక్క ఊళ్లో పెద్దింటికి తలుపు చేసిచ్చినట్టుంది. పనితనం అదే, కానీ ఆ తలుపు తీసి లోపలికి వెళ్లేది ఆయన కాదు.

ఒరేయ్ ఓరుగల్లూ, నువ్వు జర్మనీలో ఉన్నానన్నావు. నీకు కావాల్సింది కియరోస్తమీ కాదేమో. సొహ్రాబ్ షాహిద్ సాలెస్‌ని చూడు. ఆయనా ఇరాన్ మనిషే. 'స్టిల్ లైఫ్'కు 1974లో బెర్లిన్ చిత్రోత్సవంలో వెండి ఎలుగుబంటి బహుమతి వచ్చింది. రైల్వే గేటు కాపలా కాసే ముసలాయన, ముసలావిడ, అంతే సినిమా. తర్వాత ఇరాన్ వదిలి జర్మనీ వచ్చేశాడు. 1975లో బెర్లిన్‌లో తుర్కీ కూలీ మీద సినిమా తీశాడు. అక్కణ్నుంచి ఏళ్ల తరబడి జర్మన్‌లోనే తీశాడు, జర్మన్ల కథలే తీశాడు. చివరికి అమెరికా చేరి 1998లో షికాగోలో పోయాడు. ఆయన చెట్టు నిజంగా పీకి నాటిన చెట్టు. కాయలు కాసింది, కాకపోతే చేదు. కొన్ని చోట్ల ఆ చేదే ఎక్కువ నచ్చుతుంది నాకు.

అమీర్ నాదెరీ ఇంకొకడు. కియరోస్తమీతో పాటు కానూన్ బళ్లోనే ఎదిగాడు. న్యూయార్క్ వెళ్లిపోయి అక్కడ తీశాడు, 2011లో జపాన్‌లో 'కట్' తీశాడు, తర్వాత ఇటలీలో. కియరోస్తమీ వెళ్లిన దేశాలే దాదాపు. కాకపోతే కియరోస్తమీకి తిరిగొచ్చే ఇల్లుంది, నాదెరీ సంచి భుజానే ఉంది. ఇద్దరి సినిమాలూ పక్కపక్కన వేసుకుని చూడు, ఆ తేడా ఫ్రేములో కూడా కనిపిస్తుంది.

---

తోక్యో_గోంగూర | సోమవారం, ఉదయం 7:15

లేటుగా వచ్చాను, క్షమించాలి. మాది గుంటూరు, తొమ్మిదేళ్లుగా జపాన్. కియరోస్తమీ ఇక్కడ తీసిన 'లైక్ సమ్‌వన్ ఇన్ లవ్' మీద ఎవరూ ఏం రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నా.

2012లో వచ్చింది. ఆయన తీసిన చివరి కథాచిత్రం. అకికో అని ఊరి నుంచి టోక్యో వచ్చిన చదువుకునే పిల్ల, రాత్రుళ్లు డబ్బు కోసం మగవాళ్ల దగ్గరికి వెళ్తుంటుంది. ఆ రాత్రి వెళ్లాల్సింది ఒక ముసలి ప్రొఫెసరు ఇంటికి. సరిగ్గా ఆ రోజే ఊరి నుంచి వాళ్ల అమ్మమ్మ వచ్చింది. పిల్ల ఫోనెత్తలేదు. అమ్మమ్మ పొద్దుట్నుంచి వాయిస్ మెసేజీలు పెడుతూనే ఉంది.

పిల్ల టాక్సీ ఎక్కాక ఆ మెసేజీలన్నీ వరసగా వింటుంది. వచ్చానమ్మా అని ఒకటి. తిన్నానులే అని ఒకటి. స్టేషన్ ముందు విగ్రహం కింద ఉంటాను అని ఒకటి. టాక్సీ అదే స్టేషన్ ముందు నుంచి వెళ్తుంది. విగ్రహం కింద సంచి పట్టుకుని అమ్మమ్మ నిలబడే ఉంది. పిల్ల డ్రైవర్‌తో ఇంకోసారి చుట్టూ తిప్పమంటుంది. తిప్పుతాడు. మళ్లీ కనిపిస్తుంది. దిగదు.

మేమిద్దరం చూశాం, నేనూ మా ఆవిడా. చూశాక మా ఆవిడ లేచి వెళ్లి తెనాలిలో వాళ్ల అమ్మమ్మకు ఫోన్ చేసింది. అక్కడ టైమెంతో కూడా చూసుకోలేదు.

భాష సంగతికొస్తే, కియరోస్తమీకి జపనీస్ రాదు. దుబాసీని పెట్టుకుని తీశాడు. నాక్కూడా అనుమానమే ఉండేది, మనకి తెలియకుండా మాటలు ఎబ్బెట్టుగా ఉన్నాయేమో అని. ఆఫీసులో నా పక్క సీటాయనకి చూపించాను. ఆయనన్నది ఇది: మాటలు సరిగ్గానే ఉన్నాయి, కానీ టోక్యోలో ఇంతసేపు కారు అద్దంలోంచి బయటికి చూసేవాళ్లు ఎవరూ ఉండరు. తిట్టో పొగడ్తో నాకిప్పటికీ తేలలేదు.

ప్రొఫెసరుగా వేసిన తాదాషి ఒకునోకి అప్పటికి ఎనభై దాటాయి. జీవితమంతా వెనక వరసలో చిన్నా చితకా వేషాలు. మన భాషలో జూనియర్ ఆర్టిస్టు. ప్రధాన పాత్ర అని ముందే చెబితే బిగుసుకుపోతాడని ఏ రోజు డైలాగు ఆ రోజే ఇచ్చారట. పిఠాపురం అక్కా, మీరడిగిన ప్రశ్న నేను మర్చిపోలేదు. ఇక్కడ చెప్పకపోవడం వల్ల ఆయన ఎవరి ఫొటో చింపినట్టూ కాలేదు. కానీ తెలిసి ఉంటే ఒప్పుకునేవాడా లేదా అనేది ఆయన హక్కే కదా, అదీ నిజమే.

---

పిఠాపురం_పిల్ల | సోమవారం, ఉదయం 7:40

అదేనండి. నేనడిగింది అంతవరకే.

(అమ్మమ్మ సీను చదివితేనే గొంతు పట్టేసింది. స్కూలుకి వెళ్లే ముందు ఇలాంటివి రాయకండి.)

---

సింగిల్‌స్క్రీన్_సీను | సోమవారం, మధ్యాహ్నం 12:30

ఇవన్నీ సరే, తెలుగులో ఇలా ఎందుకు తీయరు? 'కేరాఫ్ కంచరపాలెం' ఒక్కటి 2018లో వచ్చింది. కంచరపాలెం జనాన్నే పెట్టి తీశారు, నిర్మాత అమెరికాలో గుండె డాక్టరు. అది కూడా రెండు దేశాల సినిమాయే కదా ఒకరకంగా. తర్వాత ఏవీ? మన ప్రేక్షకులకి ఫైట్లు తప్ప

---

నిర్వాహకుడు | సోమవారం, మధ్యాహ్నం 12:45

సీను గారూ, 'మన ప్రేక్షకులు' అన్న చోట కత్తిరించాను. ఆ గొడవకి వేరే దారం ఇప్పటికే పద్నాలుగు పేజీలుంది, అక్కడ కొట్టుకోండి. ఇది కియరోస్తమీ దారం.

---

బత్తా_బాకీ | సోమవారం, సాయంత్రం 4:20

ఓరుగల్లు తమ్ముడికి పనికొచ్చే మాట ఒకటి చెప్పి పోతా. అరగంట సినిమా, ఒక ముసలావిడ, ఒక కిటికీ. నీకు లైట్లవాళ్లు వద్దు. నాలుగింటికి వెలుతురు ఎటు నుంచి వస్తుందో వారం రోజులు రాసుకో. సింక్ సౌండ్‌కి (షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేయడానికి) మాత్రం మంచి మనిషిని పెట్టుకో, అక్కడ కక్కుర్తి పడకు. జర్మన్ బాగా వచ్చినవాణ్ణి ఒకణ్ణి సెట్లో పెట్టుకో, దుబాసీగా కాదు, నీకు వినపడని తేడా వినడానికి. ఇవన్నిటికంటే ముందు ఆవిడతో సంతకం చేయించుకో, ఏం తీస్తున్నావో ఆవిడ భాషలో రాసిచ్చి. పిఠాపురం అమ్మాయి చెప్పింది కళకే కాదు, కోర్టుకీ వర్తిస్తుంది.

కొబ్బరికాయ అక్కడ దొరుకుద్దా?

---

ఓరుగల్లు_రీలు | పద్దెనిమిది రోజుల తర్వాత, రాత్రి 10:10

దొరుకుతది అన్నా, ఆసియా దుకాణంల. మూడు యూరోలు.

మీ అందరికీ బాకీ ఉన్న, చెప్పి పోతా. మా టీముల ఒక జర్మన్ పిల్లను వెంట తీసుకొని కింది ఫ్లోర్ పెద్దమ్మ ఇంటికి పోయిన. స్క్రిప్టు జర్మన్‌ల తర్జుమా చేయించి ఇచ్చిన. కండ్లద్దాలు పెట్టుకొని మొత్తం సదివింది, మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాక. నేను చాయ్ గుటకేస్తలేను, గంత టెన్షన్.

సదివి అడిగిన మొదటి మాట: "ఈ కొడుకు ఎవరు?"

ఆమెకు కొడుకే లేడట. పెండ్లే చేసుకోలేదట. నలభై ఏండ్లు బట్టల ఫ్యాక్టరీల సూపర్‌వైజర్ చేసిందట. మరి రోజూ నాలుగింటి నుంచి కిటికీ కాడ ఎందుకు కూసుంటవమ్మా అంటే, లోపలికి పోయి ఒక నోటుబుక్కు తెచ్చింది. ఎదురుంగ పార్కింగ్‌ల ఎవరు ఎన్ని గంటలకు తప్పు జాగల కారు పెట్టిండ్రో, నంబర్లు, తారీఖులు, అన్నీ నీట్‌గ గీతలు కొట్టి రాసుకుంది. పదకొండేండ్ల లెక్క. ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. ఊకెనే రాస్తదట.

నా స్క్రిప్టు చూసి నవ్వలేదు. ఎదురుచూసుడు మీ దగ్గర తల్లులు చేస్తరా అని అడిగింది. అవును, చేస్తరు అన్న. అయితే ఇది నీ తల్లి కదా అన్నది.

స్క్రిప్టు పక్కన పెట్టిన. వచ్చే నెల ఆ నోటుబుక్కు తీస్తున్న. ఆమె ఒప్పుకుంది, ఒక షరతు మీద: మా యూనిట్ వాళ్లు కారు సరిగ్గ పెట్టాలె.

---

తోక్యో_గోంగూర | అదే రాత్రి, 10:40

ఆ బుక్కులో నీ కారు నంబరు ఉందా తమ్ముడూ?

---

ఓరుగల్లు_రీలు | అదే రాత్రి, 10:42

మూడు సార్లు.